ఎడమచేతి కిటికీలు

ఆ పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ఆమె కిటికీలన్నీ ఎవరో తారుమారు చేసి పెట్టారు.

కిటికీలంటే గోడకుండే కిటికీలు కావు. డీబగ్గర్ ఆమె తెర మీద తెరిచే విండోలు. పరుగెత్తే ప్రోగ్రామ్‌ని కావలసిన చోట కాలర్ పట్టుకుని ఆపి, ‘నీ జేబులో ఏముందో చూపించు’ అని నిలదీయడమే డీబగ్గర్ పని. అలా ఆపినప్పుడు ఒక విండోలో కోడ్ కనిపిస్తుంది, ఇంకోదాంట్లో ఆ క్షణాన ఉన్న విలువలు, మరోదాంట్లో ఎవరు ఎవరిని పిలిస్తే కథ ఇక్కడిదాకా వచ్చిందో ఆ వరస. వెనక ట్యాబుల్లో మిగతా ఫైళ్ళుంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడానికి ఆమె తన సొంత మీటలు పెట్టుకుంది, అన్నీ కీబోర్డుకి ఎడమ పక్కనే. బొటనవేలితో స్పేస్ నొక్కి, పక్కన ఇంకో అక్షరం నొక్కితే కోరిన చోట వాలిపోయేది.

ఇవాళ నొక్కితే కోడ్ ఉండాల్సిన చోట విలువలొచ్చాయి. విలువల కోసం వెళ్తే అడగని ట్యాబ్ ఒకటి తెరుచుకుంది. ఇంకోటి నొక్కితే తెర ఉలకలేదు, పలకలేదు.

ఆమె లేచింది. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. అదెప్పుడూ అక్కడే ఉంటుంది. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని తల ఎగరేసుకుంటూ నడిచే ఆ నడక చూసి ఆఫీసంతా ఆమెకు ‘శివంగి’ అని పేరు పెట్టేసింది. ఏం పొగరో అనుకునేవాళ్ళు. ఆమె సరిదిద్దేది కాదు. జాలిపడటం కన్నా పొగరనుకోవడమే నయం కదా.

ఆ మధ్య స్కూటర్ మీంచి పడ్డప్పుడు కుడిచేతి నరం దెబ్బతింది. వేళ్ళు ముడుచుకోవు, మౌస్ పట్టుకోవు. పాత ఆఫీసులో ఆ సంగతి తెలియగానే ‘పాపం, నీకెందుకమ్మా ఈ కష్టం’ అంటూ కోడ్ లాగేసుకుని మీటింగులు ఏర్పాటు చేసే పని అంటగట్టారు. అందుకే ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మూల సీటు ఏరుకుని, గోడవైపు కుడిచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ప్రొబేషన్ గట్టెక్కి ఈ డీబగ్గింగ్ టీములో నిలబడాలి. నిలబడలేకపోతే ‘ఇంక చాలు తల్లీ, ఇంటిపట్టున ఉండు’ అనడానికి అమ్మ ఎదురుచూస్తోంది.

టీము మొత్తానికి, కోడ్ రాసుకునే ఎడిటర్ సెట్టింగులు చూసే అతను తలుపు పక్కన కూర్చుంటాడు. రూల్ లేనిదే మంచినీళ్ళు కూడా తాగడని అతన్ని అందరూ ‘పంతులు’ అంటారు.

“పంతులుగారంటే మీరేనా?”

అతను తలెత్తాడు. “ఎదురుగా ఎవరూ అలా పిలవరండీ. వెనకాలే పిలుస్తారు.”

“నాకు వెనకాల మాట్లాడే అలవాటు లేదు. నా మీటలెందుకు తీసేశారు?”

“మీవే కాదు, అందరివీ తీసేశాను. ఇవాల్టి నుంచి టీమంతటికీ ఒకటే సెట్టింగుల ఫైలు. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చున్నా తడుముకోకూడదని.”

“నా సీట్లో నేనే కూర్చుంటాను.”

“మీరు సెలవు పెడితే?”

“పెట్టను.”

“జ్వరం వస్తే?”

“రాదు.”

అతను నవ్వు ఆపుకున్నాడు. ఆపుకున్నట్టు తెలిసిపోయింది, దాంతో ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

“సరే, మీటలన్నీ ఎడమ పక్కనే ఎందుకు కావాలో చెప్పండి. సరైన కారణమైతే మీకొక్కరికీ మినహాయింపు ఇస్తాను.”

“నా ఇష్టం.”

“ఇష్టాన్ని కారణం కింద రాయలేనండీ.”

“అయితే రాయకండి. మీ మినహాయింపు ఎవరడిగారు? నా మీటలు నేనే తెచ్చుకుంటాను. చేతనైతే ఆపండి!”

గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. ఆఫీసులో అందరూ మళ్ళీ తెరల్లో తలలు దూర్చేశారు, అతనొక్కడు తప్ప.

అలా మొదలైంది యుద్ధం.

పొద్దున లాగిన్ అవగానే కామన్ ఫైలు వచ్చి కూర్చునేది. దాని నెత్తిన తన ఫైలు వచ్చి వాలేలా ఆమె ఒక లైను రాసింది. మర్నాటికి ఆ లైను మాయం. దాని స్థానంలో ఒక కామెంటు. కామెంటంటే మెషీన్ పట్టించుకోని రాత, మనుషులు చదువుకోవడానికి మాత్రమే.

‘ఈ లైను టీము రూలుకి విరుద్ధం.’

ఆమె లైను మళ్ళీ రాసి, కింద జవాబు పెట్టింది. ‘ఆ రూలే నాకు విరుద్ధం.’

మర్నాడు: ‘కనీసం భోజనాల వేళదాకా రూలు పాటించి చూడండి.’

‘కనీసం భోజనాల వేళదాకా నా జోలికి రాకుండా ఉండి చూడండి.’

ఇంకోరోజు: ‘మీ పంతం ముందు నా పంతులుతనం నిలవదేమోనని భయంగా ఉంది.’

దానికి ఆమె జవాబు రాయలేదు. రాయబోతే నవ్వొచ్చింది. పక్క సీటమ్మాయి చూస్తుందేమోనని దగ్గు నటించింది.

నిజం చెప్పాలంటే ఆ కామెంటు చదవడం కోసమే ఆమె పెందలాడే రావడం మొదలుపెట్టింది. ఒకరోజు వచ్చి చూస్తే తను రాసిన లైను రాసినట్టే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. గెలిచానని ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, కాలుగాలిన పిల్లిలా సీటుకీ తలుపుకీ మధ్య తిరిగింది. చివరికి ఉండబట్టలేక పక్క సీటమ్మాయిని అడిగింది.

“ఆ పంతులు రాలేదా ఇవాళ?”

“లేదు, ఒంట్లో బాగోలేదట. ఏం, పనేమైనా ఉందా?”

“నాకేం పని? పీడా విరగడైందని.”

మర్నాడు ఫైలు తెరిస్తే ఒకే ఒక్క వాక్యం ఉంది. ‘జ్వరం ఎవరికైనా వస్తుందండీ.’

ఈసారి ఆమె దగ్గు నటించలేదు. పకపకా నవ్వేసింది. తలుపు పక్కన కూర్చున్నతను ఆ నవ్వు విని, తనకేం తెలియనట్టు కీబోర్డు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం అతనే ఆమె సీటు దగ్గరకి వచ్చాడు. “ఒప్పుకున్నాను, ఓడిపోయాను. ఈ కిటికీల్లో మీరెలా తిరుగుతారో ఒక్కసారి చూపించండి.”

“కూర్చోండి. అటు కాదు, ఎడమ పక్కన.”

ఆమె చూపించింది. ప్రోగ్రామ్ పరుగెత్తింది, ఆగింది. కోడ్, విలువలు, పిలుపుల వరస, మళ్ళీ కోడ్. ఎడమచేతి వేళ్ళు మీటల మీద పరుగులు పెడుతుంటే అతను కళ్ళప్పగించి చూశాడు. కళ్ళు తెర మీదున్నాయో ఆమె మీదున్నాయో అతనికే తెలియాలి.

“ప్రోగ్రామ్ ఏ ఫైల్లో ఆగిందో అది నేను ముందే ఒక ట్యాబులో తెరిచి ఉంచాననుకోండి. నన్ను తిన్నగా ఆ ట్యాబుకే తీసుకెళ్ళాలి. మీ ఫైలు ఏం చేస్తుంది? నేను చూస్తున్న విండోనే ఊడ్చేసి అందులో తెరుస్తుంది. ఎవరి ఇంట్లోకైనా అలా వెళ్తామా?”

“వెళ్ళం. ఆ విషయంలో నాదే తప్పు.”

“ఆ ఒక్క విషయంలోనేనా?”

“మిగతావి రోజుకొకటి ఒప్పుకుంటానండీ. అన్నీ ఇవాళే ఒప్పేసుకుంటే రేపు ఇటు రావడానికి నాకు సాకేం ఉంటుంది?”

ఆమెకు బుగ్గలు వేడెక్కాయి. “సాకుల్లేకుండా రావడం చేతకాదా?” అని, అనేశాక నాలుక కరుచుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి, ఆఫీసు వదిలే వేళకి వాన పట్టుకుంది. మెట్ల దగ్గర నిలబడి ఆమె గొడుగు తెరవబోయింది. మామూలుగా కాలికి ఆనించి ఒంటిచేత్తో తెరిచేస్తుంది. ఆరోజు గాలికి గొడుగు చేజారింది. పట్టుకోవాలన్న తొందరలో కుడిచెయ్యి దానంతటదే జేబులోంచి బయటికొచ్చింది. గొడుగు ఆ వేళ్ళ మధ్యలోంచి జారి కిందపడింది.

వెనక అతను నిలబడి ఉన్నాడు, చూశాడు. చూశాడని ఆమెకూ తెలిసింది.

“స్కూటర్ మీంచి పడ్డాను. వేళ్ళు ముడుచుకోవు. మౌస్ పట్టుకోలేను. మీరడిగిన కారణం ఇదే.” గడ్డం పైకెత్తి అంది. “ఊఁ, అయ్యో పాపం అనండి. అనేస్తే నేను ఇంటికి పోతాను.”

అతని ముఖం వాడిపోయింది. గొడుగు తీసి, తెరిచి ఇవ్వబోయి, ఆగి, మూసే ఉంచి చేతికిచ్చాడు. ఆమె దాన్ని కాలికి ఆనించి తెరుచుకుని వానలోకి నడిచింది. వీడు అందరిలాంటివాడు కాదేమో అనుకుంది. అనుకున్నందుకు తర్వాత తనని తానే తిట్టుకుంది.

ఆ వారంలోనే డెమో. క్లయింటు తరఫు ఇంజనీరు తన మనుషులతో వచ్చి కూర్చుంది. వాళ్ళ ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో పెద్ద తెర మీద, అందరి ఎదుట, ఆమె డీబగ్గర్‌తో పట్టి చూపించాలి. ఇది దాటితేనే ఉద్యోగం ఖాయమని టీమ్ లీడ్ ముందే చెప్పాడు. ఆమె తిన్నగా మీటింగ్ రూముకి వెళ్ళి కూర్చుంది.

ప్రోగ్రామ్ అనుకున్న చోట ఆగింది. ఆమె పక్క ట్యాబుకి వెళ్ళే మీట నొక్కింది. డీబగ్గర్ మొత్తం మూసుకుపోయింది.

ఎక్కడో పొరపాటు నొక్కాననుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ప్రోగ్రామ్ ఆగింది, మీట నొక్కింది, మళ్ళీ అంతా మూసుకుపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“మౌస్ ఉంది కదమ్మా, మౌస్ వాడండి,” అంటూ లీడ్ మౌస్‌ని ఆమె కుడివైపుకి జరిపాడు.

ఈలోగా వెనకనుంచి పంతులు పరుగున వచ్చాడు. పాలిపోయిన ముఖంతో, “సార్, ఇది నా వల్ల జరిగింది. నేను చేస్తాను,” అని కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు.

“చెయ్యి తియ్యండి,” అంది ఆమె.

ఆమె కుడిచేతిని జేబులోంచి తీసి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టింది.

“ఈ వేళ్ళు మౌస్ పట్టుకోవు. అయినా నాకు మౌస్ అక్కర్లేదు. నా మీటలు ఎవరో నాకు చెప్పకుండా మార్చారు. వాటిని మీ అందరి ముందే సరిచేసుకుంటాను. తొందరున్నవాళ్ళు టీ తాగి రావచ్చు.”

ఎవరూ కదల్లేదు. ఆమె పెద్ద తెర మీదే తన ఫైలు తెరిచింది. కొత్తగా వచ్చిన లైన్లన్నీ ఒక్కొక్కటే చెరిపేసి, తన పాతవి రాసుకుంది. డీబగ్గర్ మళ్ళీ లేచింది. కోడ్, విలువలు, పక్క ట్యాబు. అక్కడ, ఖాళీగా ఉండకూడని ఒక విలువ ఖాళీగా ఉంది.

“ఇదిగో మీ తప్పు,” అంది ఆమె.

క్లయింటు ఇంజనీరు ముందుకు వంగి చూసింది. “దీనికోసం మేం తల బద్దలు కొట్టుకుంటున్నాం. ఇకమీదట మా పనంతా ఈమెకే ఇవ్వండి,” అని లీడ్‌తో అంది.

అందరూ వెళ్ళాక లీడ్ గొంతు తగ్గించాడు. “చెయ్యి సంగతి ముందే చెప్పి ఉంటే ఏదైనా తేలిక పని ఇచ్చేవాళ్ళం కదమ్మా.”

“అందుకే చెప్పలేదు సార్.”

పంతులు మెట్ల దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆమె ఒక మెట్టు పైనే ఆగిపోయింది.

“ఎందుకు చేశారు?”

“మీకు శ్రమ తగ్గుతుందని. అన్ని విండోలూ ఒకే ట్యాబులో పెడితే మీరు అటూ ఇటూ తిరగక్కర్లేదనుకున్నాను. ఆ మీట ఖాళీ అయింది కదాని డీబగ్గర్ మూసే పనికి వాడాను. పొద్దున చెబుదామనుకుంటే మీరప్పటికే లోపల ఉన్నారు.”

“మంచికే చేశారన్నమాట.”

“అవును.”

“మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ నా అన్నం కలిపేసి పెడుతుంది, నా మంచికే. మా నాన్న నా ఉద్యోగం మానిపించాలంటాడు, నా మంచికే. పాత ఆఫీసులో నా కోడ్ లాక్కున్నారు, అదీ నా మంచికే. ఇంతమంది నా మంచి కోరేవాళ్ళున్నారు, నీకేం కావాలని అడిగినవాడు ఒక్కడు లేడు!” ఆమె ఆ ఒక్క మెట్టూ దిగింది. “మీరు నాతో పోట్లాడారు. అందుకే నచ్చారు నాకు. పోట్లాడేవాళ్ళు ఎదుటిమనిషిని మనిషిలా చూస్తారు. చెయ్యి చూడగానే మీరూ పోట్లాట మానేసి సర్దడం మొదలుపెట్టారు.”

అతను సమర్థించుకోలేదు. “తప్పు చేశాను,” అన్నాడు. ఆమె అతన్ని దాటుకుని దిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ఫైల్లో ఒక్క కామెంటు రాలేదు. ఆమె లైనును ఎవరూ కదపలేదు. ఉద్యోగం ఖాయమైంది, టీములో అందరూ మిఠాయి అడిగారు. ఇంత గెలిచి కూడా పొద్దున్నే ఫైలు తెరిచినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

ఒకరోజు టీమంతా ఉండగా అతను లేచి నిలబడ్డాడు.

“కామన్ ఫైల్లోంచి విండోల మీటలూ, ట్యాబుల మీటలూ తీసేశాను. ఇకనుంచి ఎవరివి వాళ్ళవే. ఒకరి ఫైలు ఇంకొకరు ముట్టుకోరు. నేను కూడా.”

లీడ్ నోరు వెళ్ళబెట్టాడు. “రూలు పెట్టిందే నువ్వు కదయ్యా!”

“పెట్టింది నేనే, తీసేస్తున్నదీ నేనే సార్.”

“పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?”

“నా పేరు చెప్పండి. కావాలంటే నన్ను పిలిచి తిట్టమనండి. ఆ ఫైలు మాత్రం మళ్ళీ పెట్టను.”

పంతులు రూలు మీద తిరగబడటం ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. పక్క సీటమ్మాయి చప్పట్లు కొట్టేసి, లీడ్ ముఖం చూసి ఆపేసింది.

కాసేపటికి అతను మూల సీటుకి అంత దూరంలో ఆగాడు. “ఒకటి అడగొచ్చా?”

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. “అడగండి.”

“ఆదివారం మీ ఇంటికి రావచ్చా?”

“ఎందుకు?”

“ఇంకొకటి అడగడానికి. ఇక్కడ అడిగేది కాదు.”

ఏమడుగుతాడో ఆమెకు తెలుసు. “రండి. కానీ నేను ఒప్పేసుకుంటానని అనుకుని రాకండి.”

“అనుకోనండీ. మొన్న అనుకునే కదా అంత పని చేశాను.”

ఆదివారం అతను వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చెమట పట్టిన నుదురు. అమ్మ పళ్ళు తెచ్చి పెట్టింది. అందరికీ మామూలుగా, కూతురికి మాత్రం చిన్న ముక్కలుగా తరిగి. నాన్న అతన్ని ఎగాదిగా చూసి విషయం పసిగట్టేశాడు.

“సరే బాబూ. మేం ఇంట్లో కూర్చుని ఆలోచించి చెబుతాం.”

“క్షమించండి. మిమ్మల్ని తర్వాత అడుగుతాను. ముందు తనని అడగాలి.”

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కళ్ళొత్తుకుంది. “దాని చెయ్యి సంగతి తెలుసా నాయనా? జీవితాంతం చూసుకోవాలి.”

“ఏం చూసుకోవాలో తనే చెబుతుందండీ. నాకే తెలుసనుకుని ఒకసారి చేశాను. నలుగురిలో పరువు పోయింది.”

“అయ్యో, ఎవరిది?”

“నాదేనండీ.”

ఆమె ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు. అతను ఆమె వైపు తిరిగాడు. “మీరంటే నాకు ప్రాణం. మీతో రోజూ పోట్లాడాలని ఉంది. పెళ్ళి చేసుకుందామా?”

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. ఆమె లేచింది. “టీ పెడతాను.”

“నువ్వెందుకే, నేను పెడతా,” అని అమ్మ లేవబోయింది.

“అమ్మా, కూర్చో. నాకు చేతకాకపోతే నేనే చెబుతాను.”

వంటింట్లో ఆమె ఒంటిచేత్తో టీ కాచింది. మూత జారి ఖంగుమని కిందపడింది. అవతల అమ్మ “అయ్యో” అనడం వినిపించింది. వెంటనే “కూర్చోవే” అన్న నాన్న గొంతు. ఆమె తలుపు వైపు చూసింది. అమ్మ రాలేదు, నాన్న రాలేదు. అతనూ రాలేదు. ఎవరూ రాకపోవడం ఆ ఇంట్లో ఇదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగితే భుజానికి తుడుచుకుంది.

కప్పులు ట్రేలో పెట్టింది. ట్రే ఒంటిచేత్తో లేవదు. ఒక్కో కప్పూ మోసుకెళ్ళడం ఆమెకు అలవాటే. ఇవాళా అలాగే మోసుకెళ్ళగలదు. దెబ్బ తగిలినప్పటినుంచి ఎవరినీ సాయం పిలిచి ఎరగదు.

“పంతులూ!” అని కేకేసింది. “ఒకసారి ఇలా రా. ట్రే పట్టుకోవాలి.”

కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను వచ్చి గుమ్మంలో ఆగాడు. ముఖం వెలిగిపోతోంది, కాళ్ళు మాత్రం గుమ్మం దాటలేదు.

“ఏ వైపు పట్టుకోమంటావు?”

“కుడి వైపు.”

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, టీ తొణక్కుండా అడుగులో అడుగేసుకుంటూ ముందుగదిలోకి వచ్చారు. అమ్మ ఏదో అనబోయి ఆగింది. కళ్ళు తుడుచుకుని, పళ్ళ పళ్ళెం పక్కకి జరిపి, బల్ల మీద ట్రేకి చోటు చేసింది.